నాలుగు బెజ్జాలు, ఒక కోత: గర్భసంచి కేన్సర్ ఆపరేషన్‌లో ఒక కేసు

ఆమెకు 61 ఏళ్లు. పాకాల వైపు పల్లెటూరు. సీజన్లో దామలచెరువు మండీలో మామిడికాయలు ఏరి గ్రేడు చేసే పని. ముట్లు నిలిచి పదేళ్లయింది. మే నెలలో ఒకరోజు చీరకు మరక కనిపించింది. ఎండలకు వేడి చేసిందనుకుంది. సబ్జా నీళ్లు, మజ్జిగ తాగింది, రెండు రోజుల్లో ఆగిపోయింది. జూన్‌లో మళ్లీ కనిపించింది, ఈసారి వారం రోజులు. అప్పటికి మండీలోకి తోతాపురి దిగుతోంది, లారీలు వరసకట్టి ఉన్నాయి, నాలుగు డబ్బులు కళ్లజూసే రోజులవే. సీజన్ అయ్యాక చూపించుకుందాంలే అని ఆగింది. తిరుపతిలో నా ఓపీకి వచ్చేసరికి ఆగస్టు రెండో వారం.

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

నా దగ్గరికి రాకముందు ఒక నర్సింగ్ హోమ్‌లో స్కాన్ చేశారు. గర్భసంచి లోపలి పొర 17 మిల్లీమీటర్లు ఉంది, పైభాగంలో ఆరు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, అంటే కేన్సర్ కాని కండ గడ్డ, ఉంది. "గడ్డ వల్లే బ్లీడింగ్, వచ్చే వారం సంచి తీసేద్దాం" అన్నారట. బయాప్సీ మాటే లేదు. ఒళ్లు భారీ, షుగర్ ఉంది కాబట్టి రిస్కు అని కూడా చెప్పడంతో మేనల్లుడు భయపడి ఇటు తీసుకొచ్చాడు. ఆ భయమే ఆమెకు మేలు చేసింది. కేన్సర్ అని తెలియకుండా గర్భసంచి తీసేస్తే, నోడ్లు (కేన్సర్ పాకగల లింఫు గ్రంథులు) చూడాలా వద్దా అన్న ప్రశ్న ఆపరేషన్ అయిపోయాక వస్తుంది. అప్పటికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన గర్భసంచి ఒంట్లో ఉండదు. అలా సగం పని అయి వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

"మా ఊళ్లో నా యీడు ఆడోళ్లందరూ ఎప్పుడో తీయించేసుకున్నారు డాక్టరమ్మా, నేనొక్కదాన్నే దాచిపెట్టుకున్నా" అని నవ్వింది. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందువరసలో ఉంటుంది. ముప్ఫై ఐదేళ్లకే తెల్లబట్టకని తీయించుకున్నవాళ్ల మధ్య, నిజంగా తీయాల్సిన సంచి ఉన్న మనిషి మూడు నెలలు సబ్జా నీళ్లు తాగుతూ కూర్చుంది.

ముట్లు నిలిచాక కనిపించే రక్తం పది మందిలో తొమ్మిది మందికి కేన్సర్ కాదు. పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న బుడిపో అయి ఉంటుంది. కానీ గర్భసంచి కేన్సర్ వచ్చినవాళ్లలో పది మందికి తొమ్మిది మంది ఈ రక్తంతోనే బయటపడతారు. ఈ వయసులో బ్లీడింగ్‌తో వచ్చినప్పుడు పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి చూడాల్సిందే. ఆమెకు పిల్లలు లేరు. గర్భసంచి మూతి బిగిసిపోయి ఉంది, ఓపీలో సన్న గొట్టంతో తీద్దామంటే లోపలికి పోలేదు. చిన్న మత్తు ఇచ్చి హిస్టెరోస్కోపీ అనే సన్న కెమెరాతో లోపల చూసి ముక్క తీశాం. రిపోర్టు: ఎండోమెట్రియాయిడ్ కేన్సర్, అంటే లోపలి పొరలో పుట్టే మామూలు రకం. గ్రేడ్ 1, అంటే నెమ్మదిగా పెరిగేది. ఎంఆర్‌ఐలో కేన్సర్ గోడలోకి సగం కంటే తక్కువే దిగినట్టు కనిపించింది. బయట ఎక్కడా పాకలేదు.

ఎందుకు వచ్చిందంటే ఒక్క కారణం చెప్పలేం గానీ, ఆమె ఒంట్లో అన్నీ ఒకే వైపు తోస్తున్నాయి. అండాశయాలు పని మానేసినా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజెన్ తయారుచేస్తూనే ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టే ప్రొజెస్టెరాన్ ఉండదు. కాన్పుల వల్ల ఆ పొరకు దొరికే విరామం ఈమెకు లేదు. షుగర్ ఉంది. బరువు 94 కేజీలు, ఎత్తు 150 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ 41 పైమాటే.

కొండ మెట్లు, షుగరు

హెచ్‌బీఏ1సీ 9.8 వచ్చింది. అది ఏడుకు దిగేదాకా ఆగితే మూడు నెలలు పడుతుంది, కేన్సర్ ఆపరేషన్‌ను అన్నాళ్లు ఆపలేం. అందుకని మూడు నెలల సగటును పక్కనపెట్టి, ఇన్సులిన్‌తో రోజువారీ షుగర్‌ను రెండు వారాల్లో 180 లోపుకు తెచ్చాం. ఫిజీషియన్‌కు ఇంకో వారం కావాలని ఉంది, నాకు ముందు వారమే చేయాలని ఉంది. మధ్యలో రాజీ పడ్డాం.

మా మత్తు డాక్టర్‌కు ఒక అలవాటుంది. గుండె, ఊపిరితిత్తుల సత్తా తెలుసుకోవడానికి ఆయన మొదట అడిగేది "కొండకు నడిచి ఎప్పుడు ఎక్కావమ్మా?" అని. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎక్కడ ఆగారు, ఎన్నిసార్లు కూర్చున్నారు అని చెబితే ఆయనకు సగం లెక్క దొరుకుతుంది. పన్నెండేళ్ల కింద అలిపిరి మెట్లు ఎక్కానంది ఆమె. ఇప్పుడు ఇంటి మిద్దె మెట్లకే ఆయాసం. రాత్రి గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందని మేనల్లుడు చెప్పాడు. స్లీప్ ఆప్నియా తేలింది. గుండె స్కాన్ (ఎకో) బాగుంది.

ఇలాంటి మనిషికి పొట్ట నిలువునా కోయడమే నాకు అన్నిటికంటే భయం. నాలుగు వేళ్ల మందం కొవ్వు, పైగా షుగర్. ఆ కోత చీము పట్టడం, విడిపోవడం, తర్వాత హెర్నియా రావడం, నొప్పికి మంచం దిగక కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఇవన్నీ నేను చూసినవే. లావుగా ఉన్నవాళ్లకు కీహోల్ (చిన్న బెజ్జాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) వద్దు, కోసేస్తేనే సులభం అన్న మాట సర్జన్ల మధ్య ఇంకా వినిపిస్తుంది. సులభం సర్జన్‌కు, ఆ మూడు గంటల వరకే. పేషెంట్‌కు అది ఆ తర్వాత రోజులన్నీ కష్టమే. కీహోల్ అవసరం ఎక్కువగా ఉన్నది లావుగా ఉన్నవాళ్లకే.

అయితే అమెరికాలో జరిగిన ల్యాప్-2 అనే పెద్ద ట్రయల్ లెక్కలు చూస్తే పొగరు దిగుతుంది. 2,616 మందిలో కీహోల్‌కు ఎంపికైనవాళ్లలో నూటికి దాదాపు 26 మందికి మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది. బీఎంఐ 40 దాటినవాళ్లలో అది సగం కంటే ఎక్కువ, 57 శాతం. ఇరవై ఏళ్ల కిందటి పరికరాలతో, అప్పుడప్పుడే నేర్చుకుంటున్న చేతులతో చేసిన ఆపరేషన్ల లెక్క అది. ఇప్పుడు అంత ఉండదు. అయినా 41 బీఎంఐ ముందు పెట్టుకుని "కోత ఉండదు" అని మాటివ్వకూడదని అది చెబుతోంది. అదే ట్రయల్‌లో ఆపరేషన్ తర్వాత ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఇబ్బందులు కీహోల్ వైపు 14 శాతం, కోత వైపు 21 శాతం. ఐదేళ్లు బతికినవాళ్లు రెండు వైపులా ఒకటే, 89.8 శాతం. 2017లో వచ్చిన లేస్ ట్రయల్‌లో 760 మంది ఉన్నారు. అక్కడా నాలుగున్నరేళ్లకు కేన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు రెండు గుంపుల్లోనూ 81 శాతం చిల్లరే.

రోబో గురించి మేనల్లుడు అడిగాడు. మా దగ్గర లేదు. ఉంటే ఇంత లావు పొట్టలో నా భుజాలకు సుఖంగా ఉండేది.

"మా పిన్నికి మాత్రం కోసినారు మేడం"

అతను అడిగిన రెండో ప్రశ్న ఇంకా మంచిది. "నాలుగేళ్ల ముందు మా పిన్నికీ గర్భసంచి కేన్సరే. వేలూరులో జేసినారు. లేజర్ వద్దు, కోయాల్సిందే అన్న్యారు. మీరేమో బెజ్జాలు చాలంటా ఉండారు. ఏది నిజం?"

పిన్ని కాగితాలు తెప్పించి చూశాను. ఆమెది గర్భసంచి మూతి కేన్సర్. జనానికి రెండూ "గర్భసంచి కేన్సరే", మాకు రెండూ వేరు. మూతి కేన్సర్‌కు కూడా కొన్నేళ్లు కీహోల్ చేశారు. 2018లో ల్యాక్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 631 మందిని రెండు గుంపులు చేస్తే, నాలుగున్నరేళ్లకు కేన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కోత గుంపులో 96.5 శాతం, కీహోల్ గుంపులో 86 శాతం. ఆ తర్వాత మూతి కేన్సర్‌కు చాలామంది మళ్లీ కోతకే వెళ్లారు. ఎందుకలా అన్నది ఇంకా తేలలేదు. ఎక్కువమంది అనుమానం మాత్రం ఇది: మూతి కేన్సర్ గడ్డ యోనిలోకి తెరుచుకుని ఉంటుంది. గర్భసంచిని తిప్పడానికి కింద నుంచి పెట్టే మానిప్యులేటర్ ఆ గడ్డను నలుపుతుంది. లోపల యోనిని కోసి తెరిచినప్పుడు అది పొట్టలోకి చిందుతుంది. గర్భసంచి లోపలి పొర కేన్సర్ మాత్రం మందపాటి కండగోడ మధ్య మూసి ఉంటుంది, కాయలో గింజలాగా. కాయ పగలనంత వరకు బెజ్జంలోంచి చేసినా, కోసి చేసినా ఒకటే.

"కాయ పగలగూడదంటారు, అంతేగదా" అన్నాడు. మండీ పక్కన పెరిగిన మనిషి, నాకంటే బాగా చెప్పాడు.

లేజర్ కాదు, లాప్రోస్కోపీ అని కూడా చెప్పాను. అవసరమైతే కోత పెడతామని కాగితం మీద రాసి సంతకం తీసుకున్నాను. చెప్పాను గానీ, ఎలా చెప్పాను? సంతకం పెట్టే వేళకు, పది మాటల మధ్య ఒక మాటగా. దాని ఫలితం తర్వాత చూశాను.

టేబుల్ మీద

మొదటి బెజ్జం బొడ్డు దగ్గర పెట్టలేదు. పొట్ట జారినవాళ్లలో బొడ్డు కూడా కిందికి దిగిపోయి ఉంటుంది, దాన్ని నమ్మి వెళ్తే దారి తప్పుతాం. ఎడమ పక్కటెముకల కింద నుంచి లోపలికి వెళ్లి, చూసుకుంటూ మిగతా నాలుగు పెట్టాం. పొట్టను ఉబ్బించే గ్యాస్ ఒత్తిడి 12 దగ్గర ఆపాం. తల కిందికి 30 డిగ్రీలు వంచితే ఊపిరితిత్తుల ఒత్తిడి పెరిగిపోయింది, మత్తు డాక్టర్ ఒప్పుకోలేదు. 22 డిగ్రీల దగ్గర ఇద్దరం సర్దుకున్నాం. పేగులు పూర్తిగా పైకి జరగలేదు. పెద్దపేగు కొవ్వును దారంతో పొట్ట గోడకు కట్టి పక్కకు పెట్టాం.

మానిప్యులేటర్ పెట్టకముందే గర్భసంచి నుంచి అండాశయాల వైపు వెళ్లే రెండు ట్యూబుల్నీ కాల్చి మూసేశాం. లోపలి కణాలు ట్యూబుల గుండా పొట్టలోకి రాకుండా అదొక జాగ్రత్త.

తర్వాత కాపలా నోడ్లు. ఐసీజీ అనే ఆకుపచ్చ రంగు 25 మిల్లీగ్రాముల పొడిని 20 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, గర్భసంచి మూతికి రెండు పక్కలా, కాస్త పైన, కాస్త లోతున, మొత్తం 4 మిల్లీలీటర్లు ఎక్కించాం. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో లింఫు దారులు పచ్చగా వెలుగుతాయి. కేన్సర్ కణం గర్భసంచి దాటితే మొదట ఆగే నోడ్ ఏదో ఆ వెలుగు చూపిస్తుంది. దాన్నొక్కటీ తీసి, సన్నగా తరిగి చూస్తే మిగతావి పెకలించే పని చాలావరకు తప్పుతుంది. 2017లో వచ్చిన ఫైర్స్ ట్రయల్‌లో ఇలా వెలిగిన నోడ్లు, నోడ్లకు పాకిన కేన్సర్‌ను 97 శాతం పట్టుకున్నాయి. తిరకాసల్లా వెలగాలి. లావుగా ఉన్నవాళ్లలో వెలగకపోవడం ఎక్కువ.

కుడివైపు రెండు నిమిషాల్లోనే రక్తనాళం పక్కన ఒక నోడ్ చుక్కలా మెరిసింది. ఎడమవైపు చీకటి. మళ్లీ ఎక్కించి పది నిమిషాలు చూశాం, అదే చీకటి. ఎడమవైపు ఏం చేయాలన్నది అప్పుడే తేల్చలేదు. గర్భసంచి తీసి, కేన్సర్ ఎంత లోతుకు దిగిందో ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడు చూసే ఫ్రోజెన్ పరీక్షలో చూసి తేల్చుకుందామని ముందుకెళ్లాం.

గర్భసంచి, అండాశయాలు, ట్యూబులు విడదీయడం సాఫీగా జరిగింది. చిక్కంతా బయటికి తీసే దగ్గర. మామూలుగా యోని దారిలోంచే బయటికి వస్తుంది. ఈమెకు కాన్పులు లేవు, దారి ఇరుకు, గర్భసంచికి తలమీద ఆరు సెంటీమీటర్ల గడ్డ. ప్లాస్టిక్ సంచిలో వేసి లాగాం, రాలేదు. అసిస్టెంట్ ఇంకాస్త గట్టిగా లాగుదామన్నాడు. గట్టిగా లాగితే రావచ్చు, లేదా మధ్యలో పగలొచ్చు.

ఫైబ్రాయిడ్ అయితే లోపలే ముక్కలు చేసి తీసే మోర్సెలేటర్ అనే మిషన్ ఉంది. 2014లో అమెరికా ఎఫ్‌డీఏ దాని మీద హెచ్చరిక జారీ చేసింది. మామూలు గడ్డే అనుకుని ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి 350 మందిలో ఒకరికి లోపల సార్కోమా అనే కండ కేన్సర్ దాగి ఉండొచ్చని వాళ్ల అంచనా. అలా ఎక్కడో గడ్డను ముక్కలు చేయించుకుని, ఏడాదికి పొట్టంతా విత్తనాలు చల్లినట్టు సార్కోమాతో వచ్చిన 44 ఏళ్ల మనిషిని నేను చూశాను. ఆమె పొట్ట మీద చాలా అందమైన మూడు చిన్న మచ్చలున్నాయి. ఈ కేసులో కేన్సర్ అని ముందే తెలుసు, ముక్కలు చేసే ఆలోచనకే తావు లేదు.

పొత్తికడుపు దగ్గరి బెజ్జాన్ని అడ్డంగా ఆరు సెంటీమీటర్లకు పెంచాం. మామూలు సిజేరియన్ కోత చోటు ఈమెకు పొట్ట మడత కింద ఉంటుంది, ఎప్పుడూ చెమ్మ. అందుకని మడతకు పైనే పెట్టాం. అంచులకు ప్లాస్టిక్ ప్రొటెక్టర్ వేసి, సంచితో సహా గర్భసంచిని చెక్కు చెదరకుండా బయటికి తీశాం. నేను చేతిలో పట్టుకుని చుట్టూ తిప్పి చూశాను, ఎక్కడా చీలిక లేదు.

ఫ్రోజెన్ రిపోర్టుకు అరగంట పట్టింది. ఆ అరగంట టేబుల్‌ను సమంగా చేసి, గ్యాస్ వదిలేసి ఊపిరితిత్తులకు విశ్రాంతి ఇచ్చాం. పెథాలజిస్ట్ ఫోన్: గ్రేడ్ 2 లాగా ఉంది, గోడలో సగం దాటింది. ఎంఆర్‌ఐ చెప్పింది తప్పింది. ఫైబ్రాయిడ్ ఉన్న గర్భసంచిలో అది అరుదేమీ కాదు. ఇక ఎడమవైపును వదిలేయలేం. కోతకు వేసిన ప్రొటెక్టర్ మీద ఒక సర్జికల్ గ్లవ్ బిగించి మళ్లీ గ్యాస్ నింపాం. ఖర్చు లేని ఉపాయం, బాగా పనిచేస్తుంది. ఎడమవైపు కటి నోడ్లు తీసి ముగించాం. రక్తం 120 మిల్లీలీటర్ల దాకా పోయింది. మొత్తం సమయం నాలుగు గంటలకు పది నిమిషాలు తక్కువ.

"కోసేసినారే"

సాయంత్రం మేనల్లుడు దుప్పటి పక్కకు జరిపి చూసి నా దగ్గరికి వచ్చాడు. "బెజ్జాలని చెప్పి కోసేసినారే మేడం. లోపల ఏమన్నా ఎచ్చుతక్కువ అయిందా?" కోపం కంటే టెన్షన్ ఎక్కువ ఆ గొంతులో. ఏదో తప్పు జరిగింది, దాస్తున్నారు అన్నది అసలు అనుమానం. ఆరు సెంటీమీటర్ల కోత అతని లెక్కలో ఓడిపోవడం. నా లెక్కలో అది ఆ రోజు నేను చేసిన మంచి పని. ఈ తేడా అతని తప్పు కాదు. మేమే బోర్డుల మీద "కోత లేదు, కుట్టు లేదు" అని రాసుకుంటున్నాం. నేను కూడా ఆ మాటను ముందురోజు గట్టిగా కొట్టిపారేయలేదు.

ఫోన్‌లో తీసిన గర్భసంచి ఫోటో చూపించాను. "ఇదిగో, కాయ. పగల్లేదు. కోత పెట్టకుండా లాగి ఉంటే పగిలేది." చాలాసేపు చూశాడు. "దీన్ని ఆ దారిలో యాడ తీస్తారు లే" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నుంచి సంతకానికి ముందురోజే, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, పొట్ట మీద పెన్నుతో గీసి చూపిస్తున్నాను: బెజ్జాలు ఇక్కడ, కోత పెట్టాల్సి వస్తే ఇక్కడ, ఇంత. కొంతమంది అప్పుడే లేచి వేరే ఆసుపత్రికి వెళ్లిపోతారు.

మరుసటి ఉదయం ఆమె లేచి నడిచింది, మధ్యాహ్నం రాగి జావ తాగింది. మూడో రోజు ఇంటికి పంపాం. రక్తం గడ్డకట్టకుండా 28 రోజులు ఇంజెక్షన్, అది మేనల్లుడే వేశాడు. తొమ్మిదో రోజు కోత దగ్గర పలచటి నీరు కారుతోందని వచ్చారు. చీము కాదు, కొవ్వు కరిగిన నీరు. పది రోజుల డ్రెస్సింగ్‌తో ఎండింది. నాలుగు బెజ్జాలూ అప్పటికే మానిపోయాయి. ఆరు సెంటీమీటర్లకే ఇంత అయితే, ఇరవై ఐదు సెంటీమీటర్ల నిలువు కోత ఈ షుగర్‌తో ఏమై ఉండేదో ఊహించుకోవడం నాకు కష్టం కాదు.

చివరి రిపోర్టు: గ్రేడ్ 2, గోడలో 60 శాతం లోతు, రక్తనాళాల్లో కేన్సర్ కణాలు లేవు. కుడి కాపలా నోడ్, ఎడమవైపు తొమ్మిది నోడ్లు, పొట్ట కడిగిన నీరు, అన్నీ శుభ్రం. పాత పద్ధతిలో చూసినా, 2023లో మార్చిన పద్ధతిలో చూసినా స్టేజ్ 1బి. కేన్సర్ మొండితనం చెప్పే పీ53 పరీక్ష మామూలుగా ఉంది, వంశపారంపర్యంగా వచ్చే రకం కాకపోవచ్చని ఎంఎంఆర్ పరీక్షలో తేలింది. కేన్సర్ డాక్టర్లందరం కూర్చుని మాట్లాడుకునే ట్యూమర్ బోర్డులో, పొత్తికడుపు మొత్తానికి బయటి నుంచి రేడియేషన్ అక్కర్లేదనుకున్నాం. యోని పైభాగానికి మాత్రం లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్, అంటే బ్రాకీథెరపీ, 7 గ్రేల (రేడియేషన్ మోతాదు) చొప్పున మూడుసార్లు. ఇది చాలన్నది 2010లో వచ్చిన పోర్టెక్-2 ట్రయల్ నుంచి వచ్చిన ధైర్యం. ఒకప్పుడు మన జిల్లా నుంచి ఇలాంటి వాటికి వేలూరు బస్సెక్కేవాళ్లు. స్విమ్స్‌లో రేడియేషన్ విభాగం ఉంది, 2022లో టాటా ట్రస్టుల కేన్సర్ ఆసుపత్రి కూడా తిరుపతిలోనే తెరిచారు. ఈమెకు మూడు విడతలూ ఊరి నుంచి వచ్చిపోతూనే అయిపోయాయి.

ఏడాదిన్నర అయింది. ప్రతి మూడు నెలలకూ వస్తుంది, లోపల శుభ్రంగా ఉంది. బరువు ఏడు కేజీలు తగ్గింది. ఒక్కటే ఫిర్యాదు: ఎడమ కాలు. ఆరో నెల నుంచి సాయంత్రానికి బరువెక్కుతోంది. టేపుతో కొలిస్తే ఎడమ తొడ కుడిదానికంటే మూడు సెంటీమీటర్లు ఎక్కువ. నోడ్లు మొత్తం తీసిన వైపు అది. ఒక్క నోడ్ తీసిన కుడికాలికి ఏమీ లేదు. ఎడమవైపు కూడా ఆ రోజు రంగు వెలిగి ఉంటే బాగుండేదని టేపు పట్టుకున్న ప్రతిసారీ అనిపిస్తుంది.

లింఫు వాపుకు వేసుకునే బిగుతు మేజోడు ఇచ్చాం. "చలికాలంలో ఏసుకుంటా డాక్టరమ్మా, మండీలో ఆ ఎండకు అది ఏసుకుని ఎవరు కూసుంటారు" అంటోంది. మే నెల దగ్గరపడుతోంది. మేజోడు వేసుకోనప్పుడు కనీసం కాలు ఒక కాయల పెట్టె మీద ఎత్తి పెట్టుకుని కూర్చోమన్నాను.